ఎర్ర కోటు మీద పక్కటెముకలు

పోయిన వారం ముసుగమ్మను చీకటిగదిలో, చేతిలో తడి ఫిల్ముతో నిలబెట్టి మనదారిన మనం వచ్చేశాం. ఈ వారమే మొదటిసారి ఈ గుమ్మం తొక్కినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి, పాపం ఆవిణ్ణి త్వరగా ఆ గదిలోంచి బయటికి తీసుకొద్దాం.

ముసుగమ్మ ఫొటోలు తీస్తుంది. ఆవిడ కెమెరా మూడు కాళ్ల మీద నిలబడే చెక్కపెట్టె. ముందు కన్ను, వెనక పళ్లెమంత అద్దం, మధ్యలో హార్మోనియం తిత్తి లాంటి తిత్తి. నల్లగుడ్డ ముసుగేసుకుని ఆ అద్దంలో తలకిందులుగా కనిపించే మనుషుల్ని చూస్తూ సగం జీవితం గడిపేసరికి, అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి వీధివాళ్లు పెట్టిన పేరు నిలిచింది. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుంది, ఇంకెవరినో పిలుస్తున్నారని.

ఆ పెట్టెకి ఒక్కో ఫొటోకి ఒక్కో పెద్ద రేకు ఫిల్ము కావాలి. అలాంటి ఫిల్ము దుకాణాల్లో దొరకడం మానేసి చాలాకాలమైంది. గతిలేనమ్మకు గంజే పానకమన్నట్టు, ఆవిడ దొరికిందల్లా వాడింది. విమానాల్లోంచి నేలను ఫొటోలు తీసి కొలతలు వేసేవాళ్ల దగ్గర మిగిలిపోయిన ఫిల్ము చుట్టలు తెచ్చుకుంది. కత్తిరించిన ప్రతి ముక్కా మళ్లీ చుట్టుకుపోయి, పాముపిల్లలా చేతిలోంచి జారిపోయేది. ప్రెస్సువాళ్లు అక్షరాలు అచ్చెయ్యడానికి వాడే ఫిల్ము తెచ్చింది. దానికి నలుపన్నా తెలుసు, తెలుపన్నా తెలుసు, మధ్యలో ఉండే మనిషి మొహం మాత్రం తెలియదు. ఫొటో తీయించుకున్నవాళ్లు బొగ్గుతో గీసిన బొమ్మల్లా వచ్చేవాళ్లు.

చివరికి ఆదుకున్నది అల్లుడు. అతను ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేస్తాడు. అక్కడికి కంప్యూటరు యంత్రం వచ్చి, ఫిల్ముతో పనిలేకుండా పోయింది. గడువు తీరిన పెట్టెలు పారెయ్యమంటే, అతను భుజాన వేసుకుని తెచ్చి అత్తగారికి ఇచ్చాడు. ఎక్స్‌రే ఫిల్ముకి రెండు వైపులా పూత ఉంటుంది, గోరు తగిలితే చాలు గీత పడుతుంది. ఇంకో గుణం కూడా ఉంది దానికి: ఎరుపు కనపడదు. ఎర్రబల్బు వెలుగులో దాన్ని హాయిగా చూస్తూ పని చేసుకోవచ్చు, కానీ ఎర్రబట్ట వేసుకుని కూర్చున్నవాళ్లు నల్లబట్టతో వస్తారు. ముసుగమ్మ కొన్ని రేకులు పాడుచేసి, కొన్నిటితో పోట్లాడి, మొత్తానికి దాన్ని మచ్చిక చేసుకుంది.

అలాంటి రోజుల్లో బ్యాండు మాస్టారు ఫొటోకి వచ్చాడు. ఎర్ర కోటు, వరసగా ఇత్తడి బొత్తాలు, ఒళ్లో బాకా. "కోటు నల్లగా వస్తుంది మాస్టారూ," అని ముందే చెప్పింది. "నలుపైతే నలుపు. బొత్తాలు మెరవాలి, అంతే," అన్నాడాయన. ఆవిడ తీసింది. కడిగింది. మాస్టారి మీసం వచ్చింది, బాకా వచ్చింది, బొత్తాలు మెరిశాయి. బొత్తాల వెనకాల, కోటు ఉండాల్సిన ఖాళీలో, పక్కటెముకలు వచ్చాయి. వెన్నెముక వచ్చింది. ఒకవైపు ఊపిరితిత్తి పైభాగంలో దూదిపింజ అంటించినట్టు ఒక తెల్లమచ్చ వచ్చింది.

ఆ ఎముకలు ఎవరివి? అక్కడే కదా మనం ఆగింది.

*

పొద్దున్నే ఆరిన ఫిల్మును ముసుగమ్మ కిటికీ అద్దానికి రెండు మూలలా అతికించి, వెనక్కి జరిగి చూసింది. రాత్రి చీకట్లో చూసింది భ్రమేమోనన్న ఆశ అంతటితో పోయింది. మామూలుగా ఆవిడకి ఫిల్ములో పొరపాటు కనిపిస్తే చిరాకు వస్తుంది. ఇవాళ చిరాకు రాలేదు. పక్కింటివాళ్ల తలుపు తెలియక తోసి, లోపలున్నవాళ్లను చూడకూడని స్థితిలో చూసినట్టయింది.

మాస్టారు అన్నమాట ప్రకారం వచ్చేశాడు. దాచడానికి వ్యవధి లేదు. ఆయన కిటికీ దగ్గరికి నడిచి, తన మొహం చూసుకుని సంతోషపడి, కింద చూసి ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది.

"నేను రేపో మాపో పోతానా అమ్మా?"

"అయ్యో, అవి మీవి కాదు మాస్టారూ."

"నా కోటు లోపలున్నవి నావి కాకపోతే ఎవరివమ్మా? కోటు అద్దెకి తెచ్చింది కాదే."

ఆవిడ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఆస్పత్రిలో ఎవరికో ఎక్స్‌రే తీశారు. ఆ రేకును మందులో కడిగితేగాని బొమ్మ పైకి తేలదు. కడక్కుండానే పొరపాటున కొత్తవాటితో కలిపి పెట్టెలో పెట్టేశారు. చూడ్డానికి కొత్తదానికీ దానికీ తేడా ఉండదు. అదే రేకు మీద తను మళ్లీ మాస్టారిని తీసింది. కోటు ఎరుపు కాబట్టి ఫిల్ము మీద ఆ మేర ఏమీ పడలేదు. ఖాళీ జాగా దొరికేసరికి అడుగునున్న మనిషి పైకి వచ్చేశాడు.

మాస్టారు మళ్లీ కిటికీ వైపు చూశాడు.

"అంటే ఆ మనిషికి తన ఎక్స్‌రే అందలేదన్నమాట."

"అందలేదు."

"ఆ తెల్లగా ఉన్నదేంటి?"

"నాకేం తెలుసు మాస్టారూ. మంచిది మాత్రం కాదనిపిస్తోంది."

ఆయన టోపీ పెట్టుకుంటూ, "నా ఫొటోకేం తొందరలేదు, మళ్లీ ఎప్పుడైనా తీద్దురుగాని," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఊదుకుని బతికేవాణ్ణమ్మా నేను. ఊపిరంటే ఏంటో నాకు తెలుసు. ఆ మనిషెవరో పట్టుకోండి."

ముసుగమ్మ అల్లుడికి ఫోను చేసి, భోజనం వేళకి స్టూడియోకి వచ్చి వెళ్లమంది. ఎందుకని అతను అడిగితే, వస్తే చెప్తానంది.

*

అల్లుడు మంచివాడు. ఈ మాట ముసుగమ్మ వీధి వీధంతా చెప్పుకుంటుంది. పెళ్లయిన కొత్తలోనే నల్లగుడ్డకి చిరుగులు కుట్టించి తెచ్చాడు. కెమెరా తిత్తికి బెజ్జం పడితే జిగురు రాసి నిలబెట్టాడు. ఆవిడకి కొడుకుల్లేరు. ఆ లోటు మాట ఎవరైనా ఎత్తితే, "ఉన్నవాళ్లకి మాత్రం ఏం ఒరిగింది, నా అల్లుడు చాలడూ," అంటుంది. అతన్ని 'నువ్వు' అనే పిలుస్తుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం 'మీరు' అంటుంది. ఇప్పటిదాకా ఆ అవసరం ఒకట్రెండు సార్లకి మించి రాలేదు.

ఫొటోలకి కూర్చునే స్టూలు మీద అతన్ని కూర్చోమంది. కిటికీ వెలుతురు అతని మొహం మీద పడుతోంది.

"ఏంటత్తయ్యా, నన్ను తీస్తారా? గడ్డం కూడా గీసుకోలేదు."

"తియ్యను. చూపిస్తాను. అదిగో కిటికీ."

అతను లేచి వెళ్లాడు. ఎక్స్‌రేలు చూసి చూసి అలవాటైన కళ్లు కదా, మీసం దగ్గరా బాకా దగ్గరా ఆగలేదు. సూటిగా ఎముకల మీదికి దిగాయి. పైనుంచి కిందికి వచ్చాయి. మళ్లీ పైకి, మచ్చ దగ్గరికి వెళ్లాయి.

"మాస్టారు ఎక్స్‌రే ఎప్పుడు తీయించుకున్నారు?" అన్నాడు నవ్వబోయి.

"హాస్యానికి పిలవలేదు బాబూ. ఇది నువ్వు తెచ్చిన పెట్టెలో రేకు."

"తెలుస్తోంది. ఎవరో కడగడం మర్చిపోయి పెట్టెలో పెట్టేశారు."

"ఎవరో అంటే?"

"ఆ గదిలో నేనొక్కణ్ణే కాదు కదత్తయ్యా. చివరి రోజులు. ఒకపక్క కొత్త యంత్రం దింపుతున్నారు, ఇంకోపక్క పాతది విప్పుతున్నారు. ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ తెలీదు."

"పోనీ. ఎవరిదో కనుక్కో. వాళ్లకి చెప్పాలి."

"ఎలా కనుక్కుంటాం? అప్పుడు వచ్చినవాళ్లు ఎంతమందో."

ముసుగమ్మ కిటికీ దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది. "నాకో సందేహం. తీసిన ప్రతి ఫిల్ముకీ మూలన అంకె పడుతుందని నువ్వే కదా చెప్పావు. సీసపు అంకెలు పెట్టి మరీ తీస్తామన్నావు. దీనికేదీ?"

అతను కిటికీ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాలుగు మూలలూ వెతికాను, భూతద్దం పెట్టి మరీ వెతికాను. లేదు. అంటే ఈ మనిషి మీ లెక్కలోకి ఎక్కలేదు. లెక్కలో లేని మనిషిని కూడా తీస్తారా మీ దగ్గర?"

"అప్పుడప్పుడు... తెలిసినవాళ్లెవరైనా అడిగితే..."

"అయితే తెలిసినవాళ్లేగా. ఇంకా సులువు."

అల్లుడు వెనక్కి నడిచి స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఫొటోకి కూర్చుని కెమెరా వైపు చూడలేకపోయేవాళ్లను ఆవిడ చాలామందిని చూసింది. గడ్డం కింద వేలు పెట్టి తల ఎత్తించడం అలవాటు. ఇప్పుడు ఆ చెయ్యి లేవలేదు.

"నువ్వు తీసిందేనా ఇది?"

అతను తల ఊపాడు.

"ఉద్యోగానికి ముప్పొస్తుందని భయమా? నేను నోరు విప్పను. కానీ ఒక్కమాట ఆలోచించు నాయనా. ఏ తల్లి కన్న బిడ్డో. తనకేం కాలేదనుకుని తింటూ తిరుగుతూ ఉంటుంది మనిషి. లోపల ఇది ఉంది. ఇది నీకు తెలుసు, నాకు తెలుసు, ఆఖరికి బ్యాండు మాస్టారికి కూడా తెలుసు. ఆ తల్లికి తెలీదు."

"అత్తయ్యా."

"ఆవిడ కాళ్లు పట్టుకోవాల్సొస్తే నేనొచ్చి పట్టుకుంటాను. ఎవరో చెప్పు."

"అత్తయ్యా, అది పిచ్చుకది."

పిచ్చుకది అంటే ఏ పిచ్చుకది అని ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. చూరు మీద గూడు కట్టిన పిచ్చుక ఒకటి కళ్లముందు మెదిలింది కూడా. పిట్టకి ఇంత పెద్ద ఎముకలుంటాయా అనుకుంది. పుట్టినప్పటినుంచీ నోరు మూతపడని కూతురికి తనే ఆ పేరు పెట్టుకున్నానని గుర్తురావడానికి కొంచెం సమయం పట్టింది.

*

అల్లుడు చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేక చెప్పాడు.

ఎండలు ముదిరిన రోజులు. పిచ్చుక అప్పటికి బస్సు కండక్టరుగా తిరుగుతూ ఉండేది. టికెట్టు టికెట్టని అరిచి అరిచి గొంతు పోయిందనీ, దగ్గు అందుకేననీ అనేది. డాక్టరు దగ్గరికి పద అంటే, "మొగుణ్ణి ఎక్స్‌రే గదిలో పెట్టుకుని వరసలో నిలబడ్డమేంటి, మనింటి వంటకి మనం టోకెన్ తీసుకుంటామా?" అంది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి సంచితోనే వచ్చింది. గది ఖాళీగా ఉంది. పాత యంత్రం మర్నాడు విప్పేస్తారు. కాయితం రాయకుండా, అంకె పెట్టకుండా, ఊపిరి బిగబట్టమని చెప్పి తీశాడు.

"చీకటిగదిలోకి తీసుకెళ్లి ఫిల్ము డబ్బాలోంచి బయటికి తీశాను. పక్కనే మీకోసం సర్దుతున్న పెట్టె మూత తీసి ఉంది. ఎవరో తలుపు కొట్టారు, సామాను దింపాలి రమ్మని. అందులో పెట్టాల్సిన కొత్తదీ, పిచ్చుకదీ, రెండు రేకులు బల్ల మీద ఉన్నాయి. ఏదో ఒకటి మందులో వేశాను. రెండోది పెట్టెలో పెట్టి మూతేశాను."

"కడిగింది కొత్తదా?"

"అద్దంలా వచ్చిందత్తయ్యా. ఒక్క గీత లేదు. యంత్రం సరిగా పనిచెయ్యలేదేమో అనుకున్నాను. రేకులు మారాయని తట్టలేదు. మళ్లీ తీద్దామంటే అప్పటికే మనుషులు వచ్చేశారు. పిచ్చుక బయట బల్ల మీద కూర్చుని, ఏముంది, ఏముంది అని ఒకటే అడగడం. ఏమీ లేదన్నాను."

"ఏమీ లేదన్నావు."

"ఫిల్ములో ఏమీ లేదు కదత్తయ్యా. అబద్ధం చెప్పాననిపించలేదు."

ఆ మాట అన్నాక తనకే వినపడినట్టుంది, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మరి తర్వాత? మర్నాడు? ఆ మర్నాడు?"

"కొత్త యంత్రంలో పేరు కొట్టకుండా బొమ్మ రాదు. రోజూ అనుకునేవాణ్ణి, డాక్టరుతో చెప్పి రాయించాలని. ఇంతలో దగ్గు తగ్గింది. నా ఎదురుగా ఒక్కసారి కూడా దగ్గలేదు. బస్సు దిగి డిపో ఆఫీసులోకి మారాక పూర్తిగా తేరుకుందనుకున్నాను. తగ్గిందిలే అనుకున్నాను."

"అనుకున్నారు," అంది ముసుగమ్మ. "మీరు అన్నీ అనుకున్నారు."

'మీరు' విని అతను తల ఎత్తాడు. తిట్టినా కొట్టినా అంత కుంచించుకుపోయేవాడు కాదేమో.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. రాత్రినుంచీ చూస్తున్న బొమ్మే. కానీ ఇంతసేపూ ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని చూసింది. ఇప్పుడు మెడ కింద అడ్డంగా పోయే ఎముకను చూసింది. అది భుజానికి చేరేలోపు ఒకచోట చిన్న ముడిలా ఉబ్బి ఉంది. ఆ ముడి ఆవిడ వేళ్లకి తెలుసు. పిచ్చుకకి ఆరేళ్లప్పుడు, అమ్మ ముసుగులో ఏం చూస్తుందో చూడాలని స్టూలెక్కి, నల్లగుడ్డతో సహా కిందపడింది. ఎముక విరిగింది. కట్టు విప్పాక ఎన్నాళ్లో ఆ ముడి మీద నూనె రాసింది. "వంకరగా అతుక్కుందే తల్లీ," అని తను బాధపడితే, "గుర్తుండాలి కదమ్మా, తప్పిపోతే పట్టుకోడానికి," అంది ఆ పిల్ల.

ఎదురుగా పెట్టుకుని కూడా పట్టుకోలేకపోయింది. భూతద్దం పెట్టి అంకె కోసం వెతికింది గాని, కన్నకూతుర్ని చూడలేకపోయింది.

బల్ల మీద పెన్సిళ్లున్నాయి. మొటిమలకీ, స్ఫోటకం గుంటలకీ, ఫిల్ము మీద తెల్లగా పడే ప్రతి లోపానికీ సన్నగా చెక్కిన పెన్సిలుతో పూత వేసి మాయం చెయ్యడం ఆవిడ విద్య. ఈ ఊపిరితిత్తి మీది దూదిపింజను మాయం చెయ్యడం కూడా ఎంతోసేపటి పని కాదు. ఎక్కడా అతుకు తెలియకుండా చెయ్యగలదు. చెయ్యి దానంతటదే పెన్సిలు తీసుకుంది. తీసుకున్నది తీసుకున్నట్టే ఉంది. ఎంతమంది మొహాలనో బాగుచేసిన చెయ్యి, ఇప్పుడు దేనికీ కొరగాదు.

"అదేంటో చెప్పండి," అంది. "ఆ మచ్చ."

"చాలా వాటికి అలా ఉంటుందత్తయ్యా. నయమయ్యేవి ఉంటాయి. అన్నీ ఒకటి కావు."

"నయం కానివి?"

అతను అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఇవాళే చెప్తాను దానికి."

"వద్దత్తయ్యా. మీ కాళ్లు పట్టుకుంటాను. రేపు ఏదో వంకతో తీసుకెళ్లి మళ్లీ తీయిస్తాను. అది చూశాక చెప్దాం. ఈ ఫిల్ము చూపించి చెప్తే భయపడి చస్తుంది. అది భయమంటే ఎరగని మనిషి."

"ఏమని తీసుకెళ్తారు?"

"ఏదో ఒకటి చెప్తాను."

"అది మీరు బాగానే చెప్తారు."

చెప్పాలని ఆవిడకుంది, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. ఆపాలని అతనికుంది, ఆపే మొహం లేదు. కిటికీలో బ్యాండు మాస్టారు బాకా పట్టుకుని, ఎవరైనా చెప్తే ఊదుదామన్నట్టు, ఇద్దరి వంకా చూస్తున్నాడు.

"రైట్, రైట్! జరగండి, జరగండి, లోపల బోలెడు జాగా ఉంది!"

పిచ్చుక తలుపు తోసుకుని వచ్చింది. ఏ గదిలోకి వచ్చినా అలాగే వస్తుంది. చేతిలో సంచీ కుర్చీలో పడేసి, మొగుణ్ణి చూసి ఆగింది.

"ఓహో. అత్తా అల్లుడూ తలుపులేసుకుని మంతనాలా? నా మీద చాడీలేగా? ఎవరు మొదలుపెట్టారు? అమ్మా, నువ్వేనా? రాత్రి కూర మాడబెట్టానని ఈయన చెప్పేశాడా?"

"ఏం లేదే," అంది ముసుగమ్మ. అని, ఆ మాటకి తనే ఉలిక్కిపడింది.

కిటికీకి అడ్డంగా జరిగి నిలబడింది. నల్లగుడ్డ కెమెరా మీదుంది, అందేంత దగ్గర్లో లేదు. వెనక్కి చెయ్యి పెట్టి ఫిల్మును లాగేద్దామనుకుంది. రెండు వైపులా పూత, గోరు తగిలితే గీత పడుతుంది. ఆ సమయంలో కూడా ఆ జాగ్రత్తే అడ్డొచ్చింది, చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి దాస్తున్నావ్?" పిచ్చుక నవ్వుతూ దగ్గరికి వచ్చింది. తల్లికంటే చేతెడు పొడుగు. భుజం మీదుగా తొంగి చూసింది. "అబ్బో, మాస్టారు! మీసం భలే వచ్చిందే. ఆ బొత్తాలు..."

చూపు బొత్తాల వెనక్కి జారింది.

ఫొటోల ఇంట్లో పుట్టిన పిల్ల. నడక రాకముందే ఫిల్ము చూడ్డం వచ్చు. ముసుగమ్మ కదలకుండా నిలబడింది, తన శరీరం అడ్డంగా ఉన్నంతసేపూ కూతురికి ఏమీ కాదన్నట్టు. అల్లుడు లేచి నిలబడ్డాడు. "అది కాదు, నేను చెప్తాను, ముందు కూర్చో..." అని ఏదో అనబోయి తడబడ్డాడు.

పిచ్చుక తల్లిని రెండు భుజాలూ పట్టుకుని మెల్లిగా పక్కకి జరిపింది. కిటికీకి దగ్గరగా వంగింది. మెడకింది ముడి మీదికి వేలు తీసుకెళ్లి, ఫిల్ముకి తగలకుండా గాల్లోనే ఆపింది. అక్కణ్ణుంచి వేలు తెల్లమచ్చ మీదికి జరిగింది. దాని చుట్టూ నెమ్మదిగా ఒక సున్నా చుట్టింది.

ముసుగమ్మ కూతురి మొహంలో భయం కోసం చూసింది. ఏడుపు కోసం చూసింది. రెండూ కనిపించలేదు. ఎప్పుడో చిన్నప్పుడు తీయించుకున్న ఫొటో దొరికితే మనుషులు చూసుకుంటారే, అలా చూస్తోంది.

"అప్పటికి ఇది ఇంత చిన్నదేనా అమ్మా?" అంది పిచ్చుక. "మొన్న నేను బయట తీయించుకున్న ఎక్స్‌రేలో నా అరచెయ్యంత ఉంది."